పిల్లల చేతికి ఇంటర్నెట్ ఇచ్చే ముందు

సుధా,

క్లాసులో పిల్లలకు ఇంటర్నెట్ ఇవ్వబోతున్నానని రాశావు, ఏ ఫిల్టర్ పెట్టించమంటారని అడిగావు. ఫిల్టర్ సంగతికి వస్తాను గానీ, ముందు చూసుకోవాల్సింది నువ్విచ్చే పని. క్లాసులో వచ్చే నెట్ గొడవలు చాలావరకు పిల్లల అల్లరి వల్ల రావు, పని వదులుగా ఇవ్వడం వల్ల వస్తాయి. "అగ్నిపర్వతాల గురించి నెట్‌లో చూసి రాయండి" అన్నావనుకో, కాసేపు బొమ్మలు చూస్తారు, తర్వాత వీడియోల్లోకి పోతారు, అక్కణ్ణుంచి ఎక్కడ తేలతారో వాళ్లకే తెలీదు. "ఈ మూడు పేజీలు చదవండి. 1883లో క్రాకటోవా పేలిన చప్పుడు ఎంత దూరం వినిపించింది? పేజీల్లో లెక్కలు తేడాగా ఉంటే దేన్ని నమ్ముతారు, ఎందుకు? ఇరవై నిమిషాల్లో నోటుబుక్కులో రాయండి" అని చెప్పి చూడు. పక్కచూపులకు తీరికే ఉండదు.

ఆ మూడు పేజీల లింకులు ఒకే డాక్యుమెంట్‌లో పెట్టి ఇవ్వు. అడ్రసు పిల్లల చేత టైప్ చేయించకు. పేరున్న సైట్ల అడ్రసులో ఒక్క అక్షరం తప్పితే ఎక్కడ తగులుతారా అని కాచుకుని కూర్చున్న దొంగ సైట్లు బోలెడు. ముందు రోజే ప్రతి లింకూ బడి నెట్‌వర్క్ మీద, విద్యార్థి అకౌంట్‌తో తెరిచి చూడు. టీచర్ల అకౌంట్లకు ఫిల్టర్ సడలించి ఉంటుంది చాలా చోట్ల. అందుకే నీకు చక్కగా తెరుచుకున్న పేజీ క్లాసులో ఎవరికీ తెరుచుకోదు. పేజీ అడుగు దాకా వెళ్లు, ప్రకటనలూ కామెంట్లూ అక్కడే ఉంటాయి. వీడియో అయితే చివరి సెకను దాకా చూసి, ఆటోప్లే ఆపెయ్యి. వీడియో మంచిదే కావచ్చు, దాని వెనకాల తనంతట తానే మొదలయ్యేది ఏమిటో ఎవరికి తెలుసు?

ఇక ఫిల్టర్. తేలిగ్గా పెట్టుకోగలిగింది డీఎన్ఎస్ ఫిల్టర్. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని అంకెల అడ్రసు వెతికిపెట్టే సేవ. రూటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ అని రెండు గడులుంటాయి. మొదటి దాంట్లో 1.1.1.3, రెండో దాంట్లో 1.0.0.3 వేస్తే క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల ఉచిత సేవ వైరస్ సైట్లనూ పెద్దలకు మాత్రమే అన్న సైట్లనూ ఆపుతుంది. చివరి అంకె చూసి వెయ్యి. 1.1.1.1 అయితే ఏదీ ఆపదు, 1.1.1.2 వైరస్ సైట్లను మాత్రమే ఆపుతుంది. చాలామంది మొదటి గడి మార్చి రెండోది పాతదే ఉంచేస్తారు. దాంతో ఫిల్టర్ ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చెయ్యదు, ఎందుకో అంతుపట్టదు.

డీఎన్ఎస్‌కు సైటు పేరు మాత్రమే కనబడుతుంది, ఆ సైటు లోపల ఏ పేజీ తెరిచారో తెలియదు. కాబట్టి పిల్లలు చూడకూడనివి దాచేందుకు గూగుల్ బొమ్మల వెతుకులాటకు సేఫ్‌సెర్చ్‌నీ, యూట్యూబ్‌కు రిస్ట్రిక్టెడ్ మోడ్‌నీ విడిగా పెట్టాలి. రిస్ట్రిక్టెడ్ మోడ్ కామెంట్లను కూడా దాచేస్తుంది. ఇవి ఒక్కో బ్రౌజర్‌లో విడివిడిగా పెడితే ఎవడో ఒకడు తీసేస్తాడు. నెట్‌వర్క్ చూసే మనిషి చేత అందరికీ కలిపి పెట్టించు. బ్రౌజర్‌లో 'సెక్యూర్ డీఎన్ఎస్' అని ఇంకో మీట ఉంటుంది. అది వేరే సర్వర్‌కు తిప్పి ఉంటే రూటర్‌లో నువ్వు వేసిన అంకెల్ని పట్టించుకోదు. విద్యార్థి అకౌంట్లకు సెట్టింగులు మార్చే అధికారం, ఫిల్టర్‌ను తప్పించుకుపోయే వీపీఎన్ ఇన్‌స్టాల్ చేసే అధికారం రెండూ తీసేయించు. అన్నీ చేశాక కూడా జేబులో ఫోన్ తీసి హాట్‌స్పాట్ పెట్టుకుంటే చేసేదేమీ లేదు. దానికి మందు ఫిల్టర్ కాదు, క్లాసు మొదట్లో ఫోన్లన్నీ ఒక పెట్టెలో పెట్టించడం.

ఫిల్టర్ అతి చేస్తుంది కూడా. మాటలు చూసి ఆపే రకాలయితే మరీను. 1996లో ఇంగ్లండ్‌లోని స్కన్‌థోర్ప్ ఊరివాళ్లు అమెరికా ఆన్‌లైన్ అనే ఇంటర్నెట్ సేవలో అకౌంట్ తెరవలేకపోయారు, ఊరి పేరు మధ్యలో ఓ బూతు మాట ఇరుక్కుని ఉందని! జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం రోజున నీకూ ఇదే ఎదురవుతుంది. ఏ పేజీలు కావాలో కాస్త ముందుగా చెప్పి తెరిపించుకో.

తెరలన్నీ గది మధ్యకు తిరిగి ఉండేలా బల్లలు గోడల వెంట వేయించు. నువ్వు ముందు కాదు, పిల్లల వెనకాల నిలబడు. నువ్వు దగ్గరికి రాగానే చెయ్యి టక్కున కీబోర్డులో కిటికీ మార్చే రెండు మీటల మీదికి పోయిందంటే అక్కడ వేరే కిటికీ తెరిచి ఉందన్నమాట. ల్యాప్‌టాప్‌లయితే, పిల్లలు నీ మాట వినాల్సినప్పుడు "మూత సగం" అనడం అలవాటు చెయ్యి. పూర్తిగా మూస్తే నిద్రపోయి, మళ్లీ లాగిన్లతో ఐదు నిమిషాలు పోతాయి.

ఒకే కంప్యూటర్ మీద ఇద్దరు ముగ్గురు మారే చోట అసలు తలనొప్పి లాగౌట్ కాకపోవడం. కిటికీ మూసేస్తే అయిపోయిందనుకుంటారు. తర్వాత కూర్చున్నవాడు ముందువాడి పేరుతో ఎవరికో వెటకారంగా రాస్తాడు, తిట్లు ముందువాడికి పడతాయి. బ్రౌజర్ పాస్‌వర్డ్ దాచుకోకుండా ఆపెయ్యి, గెస్ట్ మోడ్‌లో తెరిపించు. గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందే లాగౌట్ చేయించు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో అనే రహస్య కిటికీ తెరిస్తే ఎవరికీ కనబడమని పిల్లలకో నమ్మకం. ఆ మిషన్‌లో చరిత్ర మిగలదు, అంతే. ఏ సైటుకు వెళ్లారో నెట్‌వర్క్‌కు కనబడుతూనే ఉంటుందని మొదటి రోజే చెప్పు.

కొత్త సైటేదైనా అకౌంట్ అడిగితే ఆగి ఆలోచించు. చాలా సైట్లలో 13 ఏళ్ల నిబంధన కనబడుతుంది. అది పిల్లల ఆన్‌లైన్ గోప్యత కోసం అమెరికా 1998లో చేసిన కోపా (COPPA) చట్టం నుంచి వచ్చింది. మీ దేశపు చట్టం వేరుగా ఉండొచ్చు, చూసుకో. అకౌంట్ లేకుండా పని జరిగే సైటు దొరికితే అదే వాడు. క్విజ్‌లకు అసలు పేర్లు వద్దు, ముద్దుపేరు, పక్కన ఒక అంకె చాలు.

చూడకూడనిది తెర మీదికి వచ్చిందనుకో. పిల్లలు కంగారుగా ట్యాబ్ మూసేస్తారు. అడ్రసు పోతుంది, రేపు ఇంకొకరికి అదే వస్తుంది. మానిటర్ మాత్రం ఆపి చెయ్యి ఎత్తమని నేర్పు. నువ్వు అడ్రసు, టైము, మిషన్ నంబరు, ఏ మాటతో వెతికితే వచ్చిందో రాసుకుని నెట్‌వర్క్ మనిషికి ఇవ్వు. చెప్పిన పిల్లను నలుగురిలో నిలబెట్టి నిలదీశావో, ఆ ఏడాదికి నీకు ఇంకెవ్వరూ ఏదీ చెప్పరు.

ఎవరినైనా మెసేజ్‌లలో ఏడిపిస్తుంటే పేరూ తేదీ పడేలా స్క్రీన్‌షాట్ తీయించు, చెరిపేయనివ్వకు. విద్యార్థి నగ్న ఫొటో విషయమైతే మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. చూడకు, స్క్రీన్‌షాట్ తీయకు, "సాక్ష్యం కోసం" ఎవరికీ పంపకు. మైనర్ల అలాంటి ఫొటో కాపీ చేయడం ఏ ఉద్దేశంతో చేసినా చాలా దేశాల్లో నేరమే. మీ బడిలో పిల్లల రక్షణ చూసే బాధ్యులకు ఆ పూటే చెప్పు. ఫొటో పెట్టి బెదిరిస్తుంటే డబ్బు ఇవ్వొద్దని చెప్పు, ఇస్తే మళ్లీ అడుగుతారు. తప్పిపోయిన, వేధింపులకు గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ సంస్థ నడిపే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫొటోను పైకి పంపక్కర్లేదు. ఫోన్‌లోనే దానికో సంకేత సంఖ్య తయారవుతుంది, దాన్ని బట్టి ఆ సేవలో చేరిన సైట్లు ఫొటోను పట్టుకుని తీసేస్తాయి.

చూసింది నమ్మాలా వద్దా అన్నది నేర్పడానికి ఒక పీరియడ్ కేటాయించు. 1998 నుంచి నెట్‌లో ఉన్న 'చెట్టు ఆక్టోపస్' సైటు దీనికి భలే పనికొస్తుంది. అంతరించిపోతున్న జీవిని కాపాడండంటూ ఫొటోలతో సహా చెబుతుంది, అలాంటి జీవే లేదు. పిల్లలు ఆ పేజీలోనే కిందికీ పైకీ వెతుకుతారు. అలా కాదు, కొత్త ట్యాబ్ తెరిచి ఈ సైటు గురించి మిగతావాళ్లు ఏమంటున్నారో చూడమను. ఏఐ చాట్‌బాట్ ఇచ్చిన జవాబుకూ ఇదే పద్ధతి. అది చూపించిన ప్రతి ఆధారాన్నీ తెరిపించు, కొన్ని అసలుండవు.

తప్పు చేసినవాడికి నెలల తరబడి నెట్ ఆపెయ్యకు, చదువులో వెనకబడతాడు. ఆ ఒక్క పీరియడ్ అదే పని అచ్చు కాగితం మీద చేయించు. ఆ కాగితాలు ఎలాగూ నీ దగ్గర ఉండాలి, నెట్ పోయిన రోజు అందరికీ అవే గతి. మొదటి క్లాసుకు నువ్వు ఎంచుకున్న మూడు లింకులూ, ఇవ్వబోయే ప్రశ్నా రాసి పంపు, చూసి చెబుతాను.