బయటి బృందం వెళ్లిపోయాక ఆటలు ఎవరు ఆడించాలి?

ప్రశ్న: ఏటా సెలవుల్లో బయటి నుంచి ఒక బృందం మా క్రైస్తవ సంఘానికి వచ్చి మూడు రోజులు పిల్లల్ని ఆడిస్తుంది, మధ్యలో బైబిలు వాక్యం చెబుతుంది. మైదానం నిండిపోతుంది. వాళ్లు వెళ్లిన వారానికే ఒక్కరూ కనిపించరు. మా యువతలోనే కొందరికి శిక్షణ ఇచ్చి ఏడాదంతా నడపాలనుంది. పెద్దలేమో ఆటలకీ మందిరానికీ ఏం సంబంధం అంటున్నారు. పైగా నాకు ఏ ఆటా సరిగా రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక యువ కాపరి

జవాబు: మీకు ఆట రాకపోయినా ఫర్వాలేదు. బాగా ఆడేవాడి కోసం వెతక్కండి, వచ్చే ఏడాది కూడా అక్కడే ఉండే మనిషిని, పిల్లలు ఇంటికెళ్లి మరీ పిలుచుకొచ్చే మనిషిని వెతకండి. నేర్చుకున్నదాన్ని నమ్మకమైనవాళ్లకు అప్పగించు, వాళ్లు ఇతరులకు నేర్పగలగాలి అని పౌలు తిమోతికి రాశాడు కదా (2 తిమోతి 2:2), ఈ పరిచర్యకు అంతకు మించిన పద్ధతి లేదు. ఇద్దరు ముగ్గురు చాలు. వాళ్లలో ఒక అమ్మాయి తప్పకుండా ఉండాలి, లేకపోతే ఆడపిల్లలు పక్కన కూర్చుని చూడటంతోనే సరిపోతుంది.

శిక్షణ అంటే గదిలో కూర్చోబెట్టి నోట్సు రాయించొద్దు. మొదటి రోజే పదిమంది పిల్లల్ని అప్పగించి గంటసేపు ఆడించమనండి, మీరు పక్కనుంచి చూడండి, అయ్యాక అందరూ కూర్చుని మాట్లాడుకోండి: బంతి ఎవరికి అసలు అందలేదు, గొడవ ఎక్కడ మొదలైంది, ఓడినవాళ్ల దగ్గరికి ఎవరైనా వెళ్లారా? అసలు పాఠం అక్కడే ఉంది. రిఫరీగా నిలబడటం, ప్రథమ చికిత్స, చిన్నపిల్లలకు తగ్గట్టు నియమాలు మార్చడం కూడా నేర్పించండి. పిల్లలతో ఏ పెద్దవాళ్లూ ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ కనీసం ఇద్దరు ఉండాలి, ఇందులో మొహమాటం వద్దు. బయటి బృందాన్ని కూడా ఇకమీదట పిల్లల్ని వదిలి మీవాళ్లకు నేర్పమని అడగండి.

బాస్కెట్‌బాల్ సంగతే చూడండి. 1891లో దాన్ని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ వేదాంతం చదివినవాడు, క్రైస్తవ యువకుల సంస్థ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడు. పదమూడు నియమాలు రాశాడు, బంతి పట్టుకుని పరుగెత్తకూడదన్నాడు, ఎందుకంటే పరుగెత్తేవాణ్ని ఆపాలంటే మీద పడాల్సి వస్తుంది. అక్కడ శిక్షణ పొందినవాళ్లు తమ తమ చోట్లకు తీసుకెళ్లి నేర్పబట్టే ఆ ఆట అంత త్వరగా పాకింది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆటను ఎరగా వాడొద్దు. ఇది సంఘం నడిపే ఆట అనీ, చివర్లో కాసేపు వాక్యం ఉంటుందనీ తల్లిదండ్రులకు ముందే చెప్పండి. వాక్యానికి కూర్చోకుండా వెళ్లిపోయిన పిల్లవాడికి కూడా మర్నాడు జట్టులో అదే చోటు దక్కాలి. వాడు చూసేది మీవాళ్ల ప్రవర్తనే, సొంత జట్టుకు వ్యతిరేకంగా ఫౌల్ ఇచ్చే రిఫరీ ఎంతటి సాక్ష్యమో ఆలోచించండి.

ఇక పెద్దల విషయం. ఆదివారం పరుగెత్తనని 1924 ఒలింపిక్స్‌లో వంద మీటర్ల పందెం వదులుకుని, నాలుగొందల మీటర్లలో స్వర్ణం గెలిచిన ఎరిక్ లిడెల్ గురించి వాళ్లకు చెప్పండి. మరుసటి ఏడే మిషనరీగా చైనా వెళ్లాడు. యుద్ధకాలంలో నిర్బంధ శిబిరంలో ఉన్నప్పుడు అక్కడి పిల్లలకు ఆటలు ఏర్పాటు చేశాడు, రిఫరీ లేక వాళ్లు కొట్టుకుంటున్నారని ఆదివారం కూడా మైదానంలో నిలబడ్డాడు. 1945లో అక్కడే చనిపోయాడు. ఇది విన్నాక కూడా పెద్దలు ఒప్పుకోకపోతే వాదించకండి, వాళ్లలో ఒకరిని స్కోరు రాయడానికి పిలవండి. నాలుగు వారాలు పిల్లల మధ్య కూర్చుంటే, ఎవరు రావట్లేదో ఆయనే అడగడం మొదలుపెడతారు.