చిన్నా, డాష్‌బోర్డ్ కొనే ముందు ఇది చదువు

ఒరేయ్ చిన్నా,

నీ కోవర్కింగ్ స్పేస్‌కి, అదే సీట్లు అద్దెకిచ్చే నీ ఆఫీసుకి, డాష్‌బోర్డ్ పెట్టిస్తానని నువ్వు పంపిన కొటేషన్ చూశాను. ప్రతి సీటు కిందా సెన్సర్, తలుపు దగ్గర మొహం గుర్తుపట్టే కెమెరా, గోడ మీద రంగురంగుల గ్రాఫులు చూపించే పెద్ద టీవీ. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక్క అంతస్తు, అరవై సీట్లు, అందులో ఇంకా సగం కూడా నిండలేదు, దానికి ఇంత హంగామా ఎందుకురా? ఆ డబ్బుతో ముందు ఇంకో కంపెనీ దగ్గర రెండో ఇంటర్నెట్ లైన్ తీసుకో. మెంబర్ల డేటా చూడొద్దని నేను చెప్పట్లేదు, మాదాపూర్‌లో ఇంత పోటీలో నా స్పేస్ ఇన్నేళ్ళు నిలబడిందంటే లెక్కలు చూసుకోబట్టే. నీ దగ్గర ఇప్పటికే ఉన్న లెక్కల మొహం చూడకుండా కొత్తవి కొంటానంటున్నావు, అదీ నా బాధ.

ఉన్నవేంటో చెప్పనా? తలుపు దగ్గర కార్డు పంచ్ పడే టైము, మీటింగ్ రూమ్ బుకింగులు, వైఫై లాగిన్లు, ఎవరు ఏ తారీఖున డబ్బు కట్టారో చెప్పే ఇన్‌వాయిస్‌లు, రిసెప్షన్ ఫోన్‌కి వాట్సాప్‌లో వచ్చే కంప్లైంట్లు, కరెంటు బిల్లు, పాల ప్యాకెట్ల లెక్క. నవ్వకు, పాల ప్యాకెట్లు నమ్మకమైన లెక్క. పంచ్ మిషన్ నలభై మంది వచ్చారంటుంది, పాలు చూస్తే పాతిక మందికి సరిపడానే అయ్యాయి, అంటే ఒకే మనిషి కార్డుని రెండు మూడుసార్లు కొడుతున్నట్టో, కార్డు కొట్టేసి గంటలో వెళ్ళిపోతున్నట్టో అన్నమాట. ఇవన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో పట్టేస్తాయి. నెక్సుడస్, ఆఫీస్‌ఆర్‌ఎన్‌డీ, కోబాట్ లాంటి కోవర్కింగ్ సాఫ్ట్‌వేర్లు మంచివే, బుకింగులూ బిల్లింగూ ఒకచోట ఉంటాయి, కానీ అవి కూడా నువ్వు అడిగిన ప్రశ్నకే జవాబిస్తాయి. ప్రశ్న మాత్రం నీదే. అందుకని షీట్‌లో ప్రతి కాలమ్ పైన ఒక వాక్యం రాసుకో: ఈ అంకె మారితే నేనేం మారుస్తాను? ఏమీ మార్చను అనిపిస్తే ఆ కాలమ్ తీసెయ్.

ఇంకోటి, శాతాల జోలికి ఇప్పుడే పోకు. నీకున్న పాతిక మందిలో ఒకడు మానేస్తే నాలుగు శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది, నువ్వు రాత్రంతా టెన్షన్ పడతావు, తీరా చూస్తే ఆ అబ్బాయికి పుణెలో ఉద్యోగం వచ్చుంటుంది. పేర్లు రాసుకో. ఎవరు, ఎప్పటి నుంచి, ఎందుకు. వంద మంది దాటాక శాతాల సంగతి చూద్దాం.

మెంబరు మానేస్తాడని ముందే తెలుసుకోవడం ఎలా అని అడిగావు కదా. నోటీసు ఇచ్చే రోజుకి ఆయన మనసులో ఎప్పుడో వెళ్ళిపోయుంటాడు. పంచ్ రికార్డులో మాత్రం ముందే కనిపిస్తుంది. అయితే అందరి సగటుతో పోల్చకు, ఎవరి అలవాటుతో వాళ్ళని పోల్చు. వారానికి ఐదు రోజులు వచ్చేవాడు మూడుకి దిగితే అది పట్టించుకోవాల్సిన విషయం, మొదటి నుంచీ వారానికి ఒక్క పూటే వచ్చే సీఏ గారు ఈ వారం కూడా ఒక్క పూటే వస్తే అందులో విషయమేమీ లేదు. వచ్చే రోజులే కాదు, ఉండే గంటలు కూడా చూడు. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళి మళ్ళీ రాకపోవడం మొదలైందంటే ఏదో ఇబ్బంది ఉన్నట్టే.

కనిపెట్టాక వెంటనే డిస్కౌంట్ మెయిల్ కొట్టకు. వెళ్ళి పలకరించు. అది కూడా 'సార్, పోయిన నెల మీరు పదకొండు రోజులే వచ్చారు' అన్నావంటే అంతే సంగతులు, ఆయనకి సీసీ కెమెరాతో మాట్లాడినట్టుంటుంది. 'ఏమండీ, ఈ మధ్య కనపడట్లేదు, అంతా బాగేనా' అను చాలు, వాళ్ళే చెప్తారు. నా దగ్గర ఒక డిజైనర్ అమ్మాయి రోజూ వచ్చేది, తగ్గించేసింది. రేటు ఎక్కువనుకుంటోందేమో అని మా మేనేజర్ అనుమానం. నేను ఆ అమ్మాయి సీట్లో కూర్చుని చూశాను. ఏసీ గాలి సరిగ్గా మెడ మీద కొడుతోంది, కుర్చీకి ఒక శాలువా వేలాడుతోంది, బల్ల మీద విక్స్ డబ్బా. సీటు మార్చాం, మళ్ళీ రోజూ వచ్చింది. ఆ శాలువా ఏ డాష్‌బోర్డ్‌లోనూ కనపడదు, కానీ ఆ సీటు దగ్గరికి నన్ను పంపింది మాత్రం పంచ్ రికార్డే.

క్యాలెండర్ పక్కన పెట్టుకోకుండా ఏ గ్రాఫూ చూడకు. జనవరి రెండో వారంలో నా ఫ్లోర్ ఖాళీ, మెంబర్లందరూ సంక్రాంతికి మీ వైపు ఊళ్ళకి వచ్చేస్తారు. డిసెంబర్‌తో పోలిస్తే వ్యాపారం మునిగిపోయినట్టుంటుంది, పోయిన సంక్రాంతితో పోలిస్తే మామూలే. నీకు ఇది తిరగబడుతుంది చూడు. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి పండక్కి వచ్చినవాళ్ళు ఇంట్లో చుట్టాలు, పిల్లల గోల, నెట్ సరిగా రాదు, పైగా మేనేజర్ కాల్ పెట్టాడు, ఎక్కడికి పోతారు? డే పాస్ కోసం నీ దగ్గరికే. పండక్కి ముందు వారం రోజులూ డే పాసులకి సీట్లు వదిలిపెట్టుకో. దసరాల్లో మూలా నక్షత్రం రోజు దుర్గ గుడి రద్దీకి ట్రాఫిక్ మళ్ళిస్తారు కాబట్టి ఆ రోజు మనుషులు రాలేదని నీ కాఫీ బాలేదనుకోకు. ఆషాఢంలోనూ, మూఢం ఉన్నప్పుడూ కొత్త కేబిన్ తీసుకునేవాళ్ళు తగ్గుతారు, ఆ నెల ఇన్‌స్టాగ్రామ్ యాడ్ పని చేయలేదని ఏజెన్సీ వాడి మీద ఎగరకు. మంగళవారం అడ్వాన్స్ కట్టమంటే 'రేపు కడతానండీ' అనేవాళ్ళుంటారు, దాన్ని కూడా 'లీడ్ పోయింది', అంటే రాబోయే కస్టమర్ చేజారాడు, అని రాసుకుంటే ఎలా?

వైఫై సంగతి. రౌటర్ చూపించే డివైజ్‌ల సంఖ్యని మనుషుల సంఖ్య అనుకోవడం చాలామంది చేసే పని. మనిషికి ఫోను, లాప్‌టాపు, కొందరికి టాబ్ కూడా. అది చాలదన్నట్టు 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఐఫోన్లు, అంతకుముందు ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి చాలా ఫోన్లు నెట్‌వర్క్‌కి తమ అసలు మ్యాక్ అడ్రస్, అంటే ఒక్కో డివైజ్‌కి ఉండే గుర్తింపు నంబరు, చూపించడం మానేశాయి, మార్చిన అడ్రస్ చూపిస్తాయి. కాబట్టి డివైజ్‌ని నమ్ముకుంటే ఒకే మనిషి నీకు కొత్త విజిటర్‌లా మళ్ళీ మళ్ళీ కనిపించొచ్చు. మెంబరు లాగిన్‌తో లెక్కపెట్టు. ఎవరు ఏ సైట్ చూస్తున్నారు అనేది మాత్రం నీకు అనవసరం, ఆ రిపోర్ట్ ఆప్షన్ ఉన్నా తెరవకు.

మీటింగ్ రూముల దగ్గర అసలు డబ్బుంటుంది, అసలు గొడవలూ అక్కడే. బుకింగ్ చార్ట్ చూస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫుల్, అద్దంలోంచి చూస్తే లోపల కుర్చీలు బల్లకి ఆనించినవి ఆనించినట్టే ఉంటాయి. ప్రతి సోమవారం పదకొండింటికి అని ఎవరో ఎప్పుడో రిపీట్ బుకింగ్ పెట్టి మర్చిపోయుంటారు. పదిహేను నిమిషాల్లో చెక్-ఇన్ చేయకపోతే రూమ్ దానంతటదే ఖాళీ అయ్యేలా పెట్టు, సగం గొడవలు ఆగిపోతాయి. తర్వాత రూమ్‌లో ఎంతమంది కూర్చుంటున్నారో చూడు. దీనికి సెన్సర్ అక్కర్లేదు, హౌస్‌కీపింగ్ అక్కకి ఒక నోట్‌బుక్ ఇచ్చి గంటకోసారి తలలు లెక్కపెట్టి రాయమను, రెండు వారాలు చాలు, ఆ పనికి వేరే డబ్బులివ్వడం మర్చిపోకు. ఎనిమిది మంది పట్టే రూమ్‌లో ఒక్కడే కూర్చుని వీడియో కాల్ మాట్లాడుతుంటాడు, ఎక్కువసార్లు ఇదే కనిపిస్తుంది. అప్పుడు నీకు కావలసింది ఇంకో మీటింగ్ రూమ్ కాదు, ఒక్కరు కూర్చుని కాల్ మాట్లాడుకునే చిన్న ఫోన్ బూత్‌లు రెండు. సెన్సర్ కొనాలన్న సరదా తీరకపోతే ఆ రూమ్‌లో ఒక కార్బన్ డయాక్సైడ్ మీటర్ పెట్టు. బయట గాలిలో నాలుగు వందల పీపీఎం (పది లక్షల పాళ్ళలో ఇన్ని పాళ్ళు) పైచిలుకు ఉంటుంది, తలుపులు బిగించిన రూమ్‌లో ఆరుగురు మాట్లాడుతుంటే వెయ్యి దాటడానికి ఎంతోసేపు పట్టదు. గాలాడక ఆవలింతలొస్తుంటే నీ రూమ్‌లో మీటింగులు బోరు అంటారు జనం.

ఫ్లెక్సీ మెంబర్‌షిప్‌లు, అంటే సొంత సీటు లేకుండా ఖాళీగా ఉన్న హాట్ సీట్లో కూర్చునేవి, సీట్ల కంటే ఎన్ని ఎక్కువ అమ్మొచ్చు అన్నావు. సగటు చూడకు. గత రెండు నెలల్లో అన్నిటికంటే రద్దీగా ఉన్న గంట ఏదో తీసి, ఆ గంటలో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో చూడు. పాతిక హాట్ సీట్లకి సగటున పదిహేను మందే వస్తున్నారని సంబరపడి ఇంకో ఇరవై అమ్మితే, బుధవారం పన్నెండింటికి ఒకాయన లాప్‌టాప్ చేత్తో పట్టుకుని నీ రిసెప్షన్ దగ్గర నిలబడతాడు. ఆయన గూగుల్‌లో ఒక్క స్టార్ ఇస్తే తుడవడం నీ వల్ల కాదు. అలాగే డే పాస్ నాలుగు వందలు, ఫ్లెక్సీ నెలకి నాలుగున్నర వేలు అనుకుందాం, నెలలో పన్నెండు పాసులు కొనేవాడు కనిపిస్తే నువ్వే వెళ్ళి 'మీకు ఫ్లెక్సీ చవకండీ' అని చెప్పు. మూడొందలు పోతాయి, పోనీ.

ఒక విషయం మాత్రం నిదానంగా చదువు. మా దగ్గర సాయంత్రం ప్యాకేజీ పెట్టినప్పుడు ఆడవాళ్ళు ఆరున్నరకే వెళ్ళిపోతున్నట్టు రికార్డు చెప్పింది. ఇళ్ళల్లో పనులుంటాయి, పిల్లలుంటారు అని అందరూ అనేశారు. నేను ఇద్దరిని టీకి కూర్చోబెట్టి అడిగితే వాళ్ళు చెప్పింది సెల్లార్ గురించి. స్కూటీలు పెట్టే మూలన ట్యూబ్‌లైట్ ఆరిపోయి ఉంది, వాచ్‌మన్ కుర్చీ గేటు దగ్గరుంటుంది, లిఫ్ట్ దిగాక ఆ మూల దాకా చీకట్లో నడవాలి. లైట్లు వేయించి, వాచ్‌మన్ కుర్చీ లిఫ్ట్ ఎదురుగా వేయించాం, స్కూటీలు ముందుకి మార్చాం. ఎనిమిది దాకా ఉండేవాళ్ళు పెరిగారు. అందరూ ఉండలేదనుకో, నిజంగానే ఇంట్లో పనులున్నవాళ్ళూ ఉన్నారు. ఎవరు ఎన్నింటికి వెళ్తున్నారో కార్డు చెప్తుంది, ఎందుకో అడిగి తెలుసుకోవాలి. నీ బిల్డింగ్ సెల్లార్ నేను చూశాను, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి నువ్వే దిగు.

రాత్రి పూట ఉండేవాళ్ళు అమెరికా క్లయింట్ల పని చేసేవాళ్ళయితే నవంబర్ నుంచి మార్చి దాకా ఒక గంట ఆలస్యంగా వచ్చి ఒక గంట ఆలస్యంగా వెళ్తారు, అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు కదా. వాళ్ళందరికీ ఒకే మూల సీట్లిచ్చి అక్కడి ఏసీ మాత్రమే వేయి, కరెంటు బిల్లులో తేడా నీకే కనిపిస్తుంది.

ఇక ఈ డేటా అడగడానికి నీ దగ్గరికి వచ్చేవాళ్ళుంటారు, వాళ్ళ గురించి. పన్నెండు సీట్లు తీసుకున్న కంపెనీ హెచ్ఆర్ నుంచి ఫోనొస్తుంది, 'మా వాళ్ళ ఇన్ టైమ్, అవుట్ టైమ్ కొంచెం పంపండి' అని. ఎవరో తండ్రి ఫోన్ చేసి 'మా వాడు రోజూ వస్తున్నాడా బాబూ' అంటాడు, పాపం ఆయన బాధ ఆయనది. ఎవరో భర్త అడుగుతాడు. ముగ్గురికీ ఒకటే జవాబు, మెంబరునే అడగండి అని. కంపెనీకి ఇవ్వాల్సి ఉంటే అది అగ్రిమెంట్‌లో ముందే రాసి, ఆ ఉద్యోగులకి చేరే రోజే తెలియాలి. పోలీసులయితే రాతపూర్వకంగా నోటీసు తీసుకురమ్మను, మర్యాదగా. రిసెప్షన్ వాళ్ళకి ఇది నేర్పకపోతే నువ్వెంత జాగ్రత్తగా ఉన్నా దండగే, ఎందుకంటే ఆ ఫోన్ ఎత్తేది వాళ్ళే.

చట్టం కూడా వచ్చేసింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2025 నవంబర్‌లో దాని రూల్స్, మన మీద పడే ముఖ్యమైన బాధ్యతలకి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఏం తీసుకుంటున్నావో, ఎందుకో మామూలు మాటల్లో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, మెంబరు కోరితే అది తెలుగులో కూడా ఉండాలి. డేటాకి సరైన భద్రత లేకపోతే జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చు. నీలాంటివాడికి అంత వేస్తారని కాదు, కానీ వేలిముద్రలూ మొహాలూ దాచుకుని ఆ తలనొప్పి ఎందుకు, కార్డు ఉందిగా. ఎక్సెల్ షీట్‌కి పాస్‌వర్డ్ పెట్టు, ఆ పాస్‌వర్డ్ ఇద్దరికి మించి తెలియకూడదు. నెట్‌వర్క్ లాగ్‌లు, అంటే కనెక్షన్ల రికార్డులు, మాత్రం 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశాలిచ్చింది, అది పాటించు. మానేసిన మెంబరు పంచ్ రికార్డులు, బిల్లులకి సంబంధం లేనివి, ఏళ్ళ తరబడి దాచకు.

ఈ నెలంతా ఆ ఏడు లెక్కలూ ఒక షీట్‌లోకి ఎక్కించు. ఒకటో తారీఖు దాటాక నాకు పంపు, ఫోన్‌లో కూర్చుని ఇద్దరం చూద్దాం. పేర్ల కాలమ్ తీసేసి పంపు, నీ మెంబర్లు ఎన్నింటికి ఇంటికెళ్తున్నారో నాకెందుకు.

మీ అత్త