మళ్ళీ అలాంటి రాత్రి వస్తే ఎవరిని పిలవాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర వశిష్ఠ గోదావరి గట్టున ఒక పల్లె. మావారు కువైట్‌లో ఉంటారు. ఇంట్లో నేను, అత్తయ్యగారు, మరిది, నా ఇద్దరు పిల్లలు. మరిదికి ఇరవై ఆరేళ్ళు. అతనూ గల్ఫ్‌లో పనిచేసి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి నిద్ర లేదు. గోడవైపు తిరిగి ఎవరితోనో మాట్లాడతాడు, అన్నంలో ఏదో కలిపామంటాడు. కాకినాడలో చూపిస్తే మందులిచ్చారు. కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు, తర్వాత మందులు మానేశాడు. పోయిన నెల ఒక రాత్రి కొబ్బరి కత్తి పట్టుకుని పెరట్లో తిరుగుతూ "నన్ను చంపడానికొచ్చారు, వాళ్ళకంటే ముందు నేనే పోతాను" అని ఒకటే కేకలు. భయపడిపోయి 112కి ఫోన్ చేసి "చంపేస్తున్నాడు, తొందరగా రండి" అన్నాను. పోలీసులొచ్చారు. వీధంతా చూస్తుండగా తువ్వాలుతో చేతులు కట్టి జీపెక్కించారు. రాత్రంతా స్టేషన్లో ఉంచి పొద్దున్నే పంపేశారు. అప్పట్నుంచి అతను నాతో మాట్లాడడు. అత్తయ్యగారు "ఇంటి పరువు కాలువలో కలిపావు" అంటున్నారు. ఈసారి ఇలా అయితే గుట్టుచప్పుడు కాకుండా ఎక్కడైనా కట్టి ఉంచే చోట వదిలేద్దామని చుట్టాలంటున్నారు. నేను చేసింది తప్పా? మళ్ళీ అలాంటి రాత్రి వస్తే ఎవరిని పిలవాలి?

జవాబు: అమ్మా, మీరు చేసింది తప్పు కాదు. కత్తి పట్టుకున్న మనిషి "నేనే పోతాను" అంటుంటే, ఇంట్లో ఇద్దరు పసిపిల్లలుంటే, ఫోన్ చెయ్యకపోవడమే తప్పయ్యేది. ఈ మాట అత్తయ్యగారికి కూడా చదివి వినిపించండి. కన్నకొడుకు చేతులు కట్టి జీపెక్కిస్తుంటే కళ్ళారా చూసిన తల్లి ఆవిడ. ఆ బాధ ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక, దగ్గరున్న మీ మీద తీర్చుకుంటున్నారు. ఒప్పుకోమనడం లేదు, అర్థం చేసుకోమంటున్నాను.

ఇక అసలు విషయం. వైద్యం అందాల్సిన మనిషికి జీపు ఎందుకొచ్చింది? 112 అనేది పోలీసు, ఫైరు, అంబులెన్సు మూడింటికీ ఒకటే నంబరు. అవతల ఫోన్ ఎత్తినవాళ్ళకు మీ పెరడు కనపడదు. మీరన్న నాలుగు మాటలు విని, ఏ బండి పంపాలో వాళ్ళు ఆ నిమిషంలోనే తేల్చుకోవాలి. "చంపేస్తున్నాడు" అని వినపడింది, దాడి జరుగుతోందనుకున్నారు. స్టేషన్ నుంచి బయలుదేరిన కానిస్టేబుల్‌కు అందిన కబురు కూడా "కత్తితో ఒకడు" అనే. జబ్బు సంగతి, కాకినాడ మందుల సంగతి, వాటిని మానేసిన సంగతి ఆ కబురులో ఎక్కడా లేవు. కంగారులో ఎవరి నోటైనా మీ మాటే వస్తుంది, అందుకు మిమ్మల్ని అనను. కానీ ఈసారి ఏం చెప్పాలో ఇవాళే, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే, ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీదో క్యాలెండరు వెనకో అంటించండి. అత్తయ్యగారికి, పక్కింటివాళ్ళలో నమ్మకమైన ఒకరికి కూడా చూపించండి.

ఆ కాగితం ఇలా ఉండొచ్చు: "మా మరిదికి మానసిక జబ్బు ఉందండి. కాకినాడలో వైద్యం చేయిస్తున్నాం, ఇన్నాళ్ళ నుంచి మందులు వేసుకోవడం లేదు. మూడు రోజులుగా నిద్ర లేదు. చచ్చిపోతానంటున్నాడు. చేతిలో కత్తి ఉంది, పెరట్లో ఒక్కడే ఉన్నాడు, ఎవర్నీ కొట్టలేదు. అరిస్తే ఇంకా భయపడిపోతాడు. అంబులెన్సు కావాలి. పోలీసులు వస్తే సైరన్ లేకుండా రమ్మనండి, ముందు నాతో మాట్లాడమనండి." ఇందులో ప్రతి ముక్కకూ పని ఉంది. జబ్బని చెబితే అది వైద్యం కేసవుతుంది. ఎవర్నీ కొట్టలేదంటే వచ్చేవాళ్ళ చేతులు కాస్త నెమ్మదిస్తాయి. తాగి ఉన్నాడా, ఏమైనా మింగాడా అని వాళ్ళు అడుగుతారు, తెలిసింది తెలిసినట్టు చెప్పండి.

కత్తి సంగతి మాత్రం ఎప్పుడూ దాచొద్దు. పోలీసులు రాకూడదని కొందరు "కళ్ళు తిరిగి పడిపోయాడు" అని చెప్పి 108ని పిలుస్తారు. ఏమీ తెలియకుండా వచ్చిన అంబులెన్సు కుర్రాడు కత్తి చూస్తే వెనక్కి తగ్గుతాడు, అప్పుడు మళ్ళీ పోలీసులకే కబురు వెళ్తుంది, పైగా మీ మాట మీద నమ్మకం పోతుంది. ఆయుధం ఉన్న చోటికి పోలీసులు రావడం వచ్చిన వైద్య సిబ్బందికీ మీ పిల్లలకీ రక్షణే. వాళ్ళు రావద్దని కోరుకోకండి. వైద్యానికి తోడుగా వచ్చేలా చెప్పండి.

నంబర్ల విషయంలో చాలామంది తికమకపడుతున్నారు. టెలీ మానస్ అని 14416 ఉంది. 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, కేంద్రం మొదలుపెట్టింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పైన ఉన్న మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు. అది ఫోన్ మీద అందే సాయం. మనిషిని ఎక్కించుకునే బండి కావాలంటే 108 గానీ 112 గానీ చెయ్యాలి. ప్రాణానికి ముప్పున్న నిమిషంలో మొదట 14416 చేసి కూర్చోకండి. అదే, నిద్రపోవడం మానేశాడు, అన్నం అనుమానంగా చూస్తున్నాడు, మందులు పారేస్తున్నాడు అనిపించిన మొదటి రోజునే 14416 చేస్తే, కత్తి దాకా వెళ్ళకముందే దారి దొరుకుతుంది. రోగే మాట్లాడాలని లేదు, ఇంట్లోవాళ్ళు చేసి "ఇలా ఉన్నాడు, ఎలా మాట్లాడాలి" అని అడగొచ్చు. ప్రమాదం ముంచుకొచ్చిన రాత్రి మీరు 112తో మాట్లాడుతుంటే, ఇంకో ఫోన్ నుంచి ఇంకొకరు 14416 చేసి, బండి వచ్చేదాకా అతనితో ఏమనాలో, ఏమనకూడదో అడిగి మీకు చెబుతుండొచ్చు.

ఈ రెండు ఫోన్ల మధ్య కబురు మొయ్యాల్సిన పని భయంతో వణికిపోతున్న ఒక ఆడమనిషి మీద పడటం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. 108 పుట్టిందే మన ఉమ్మడి రాష్ట్రంలో, 2005 ఆగస్టు 15న. గుండెనొప్పి, కాన్పు, రోడ్డు ప్రమాదం అంటే ఏం చెయ్యాలో ఆ వ్యవస్థకు కొట్టినపిండి. మనసు చెదిరిన మనిషి విషయంలోనూ అంత సాఫీగా జరగాలి కదా. అమెరికాలోని హ్యూస్టన్‌లో అత్యవసర కాల్ సెంటర్లోనే మానసిక ఆరోగ్య కౌన్సెలర్లను కూర్చోబెట్టారు. ఆయుధం, దాడి లేని కాల్ అయితే అక్కడి నుంచే వాళ్ళకు కలుపుతారు. మన కంట్రోల్ రూంలోనూ 14416కి నేరుగా కలిపే ఒక మీట ఉండాలి, కాల్ తీసేవాళ్ళకు "ఇతనికేమైనా మానసిక వైద్యం జరుగుతోందా" అని అడిగే అలవాటు ఉండాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఓపిక ఉన్నప్పుడు మీ అనుభవమే రాసి ఇవ్వండి. పేర్లు అక్కర్లేదు, జరిగింది చాలు.

డెల్టాలో ఇంకో కష్టం, ఇల్లు దొరకడం. ఫోన్ చూపించే లొకేషన్ ఒక్కోసారి ఏటి అవతలిది చూపిస్తుంది. ఊరు, మండలం చెప్పి ఆగకండి. ఏ లాకుల దగ్గర మళ్ళాలి, రామాలయం దాటాక ఎన్నో సందు, గట్టు మీద బండి ఎక్కడిదాకా వస్తుంది, అక్కడి నుంచి ఎంత నడవాలి, ఇవన్నీ ఆ కాగితం మీదే ఉండాలి. మలుపు దగ్గర టార్చిలైటుతో నిలబడేందుకు ఒక మనిషిని ముందే అనుకోండి. నరసాపురం రేవు మీదుగా పోదామని ఎవరైనా అంటే, రాత్రిపూట ఏరు దాటించే పంటు మీద ఆధారపడొద్దు, చించినాడ వంతెనే దారి. గోదావరికి వరదొచ్చే రోజులు వేరు. జులై, ఆగస్టుల్లో కాజ్‌వేలు మునిగి పి.గన్నవరం వైపు లంకలవాళ్ళకు పడవే దిక్కవుతుంది. మీ గట్టు ఎలా ఉన్నా, వానలు మొదలయ్యేసరికి నెలకు సరిపడా మందులు ఇంట్లో ఉంచండి. వరదలో మందు ఆగితే జబ్బు తిరగబెట్టడం మామూలే.

స్టేషన్ సంగతికి వస్తాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం, మానసిక జబ్బు వల్ల తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చేలా ఉన్న మనిషిని రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ అధికారి బాధ్యత. తీసుకున్నాక 24 గంటల్లోగా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ ఎట్టి పరిస్థితిలోనూ ఉంచకూడదు. "లాకప్‌లో పెట్టలేదు, బెంచీ మీదే కూర్చోబెట్టాం" అంటారేమో. సరే, మరి ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదు? పొద్దున్నే ఇంటికి పంపేస్తే వైద్యుడు చూసిందెప్పుడు? ఇది అడగడం మీ హక్కు. గొడవకు వెళ్ళమనడం లేదు. పగటిపూట, ఊళ్ళో పెద్దమనిషినొకరిని తోడు తీసుకుని స్టేషన్‌కు వెళ్ళి, మందుల చీటీ జిరాక్సు, మీ ఫోన్ నంబరు ఇచ్చి "ఇతను మా ఇంటి రోగి, మళ్ళీ ఫోన్ వస్తే నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, నేనూ వెంట వస్తాను" అని చెప్పిరండి. ఆ చీటీ చూసిన కానిస్టేబులే రేపు వస్తే మీ మరిదిని పేరు పెట్టి పిలుస్తాడు. గ్రామ సచివాలయంలో ఉండే మహిళా పోలీసుకు, ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు కూడా ఈ మాట ముందే వేసి ఉంచండి.

చచ్చిపోతానన్నాడని చెబితే కేసు పెడతారేమోనని మీ అత్తయ్యగారు భయపడుతుండొచ్చు. ఆ భయం వదిలెయ్యమనండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు, వైద్యం అందించాలి అని అదే చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309 సెక్షనే లేదు. ఇంకొకటి, ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు మానసిక వైద్యుడే కావాలని ఆగక్కర్లేదు. రాజోలులోనో అమలాపురంలోనో డ్యూటీలో ఉన్న ఏ డాక్టరైనా ఇంటివాళ్ళ అనుమతితో అత్యవసర వైద్యం మొదలుపెట్టొచ్చు. అది 72 గంటలవరకే. ఆలోగా మానసిక వైద్య విభాగం ఉన్న ఆసుపత్రికి, మీకైతే ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రికి (జీజీహెచ్), చేర్చాలి. "ఇక్కడ సైకియాట్రిస్టు లేరు, తీసుకుపొండి" అని వాకిట్లోంచే పంపేయబోతే ఈ మాట గుర్తుచెయ్యండి.

కట్టి ఉంచే చోట వదిలేద్దామన్న చుట్టాలకు నా మాటగా ఒక్కటి చెప్పండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో అలాంటి చోటే మంటలంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు కదలలేక 28 మంది కాలిపోయారు. వాళ్ళనీ అక్కడ వదిలింది ఇంటివాళ్ళే, బాగవుతారని నమ్మే. మానసిక రోగిని ఏ రకంగానూ గొలుసుతో కట్టకూడదని ఇప్పుడు చట్టమే ఉంది. దేవుడికి మొక్కుకోండి, నేనూ మొక్కుతాను. మందులు మాత్రం ఆపకండి.

ఇంట్లో చెయ్యాల్సింది ఇవాళే మొదలుపెట్టండి. కొబ్బరి కత్తులు, చేలోకి తెచ్చిన పురుగుల మందు, గడ్డిమందు ఇంట్లోంచి తీసేసి నమ్మకమైన వేరే ఇంట్లో పెట్టించండి. తాళం వేశాం కదా అని ఊరుకోవద్దు. తోచని ఆ ఐదు నిమిషాలు చేతికందేది ఏదీ లేకపోతే చాలా ప్రాణాలు నిలుస్తాయి. అతను మళ్ళీ దిగులుగా కనిపిస్తే "చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం నిజం కాదు. చాలామందికి, ఎవరో ఒకరు అడిగారన్నదే పెద్ద ఊరట.

మీరు రాసినదాంట్లో నన్ను ఎక్కువ కదిలించింది అతను మీతో మాట్లాడకపోవడం. ఇంట్లో అన్నం పెట్టే వదినే జీపెక్కించిందని అతని మనసులో పడిపోయింది. పిలిచినందుకు క్షమాపణ అడక్కండి. అడిగితే మళ్ళీ పిలవాల్సొచ్చినప్పుడు మీ చెయ్యి ఆగిపోతుంది. అతను కాస్త తేటగా ఉన్న పూట, టీ గ్లాసు పక్కన పెట్టి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని, ఇలా అనొచ్చు: "నువ్వు చచ్చిపోతావేమోనని భయమేసి ఫోన్ చేశాను. అందరి ముందూ నీ చేతులు కట్టారు, అది నాకూ నచ్చలేదు. మళ్ళీ అలా కాకుండా ఏం చెయ్యమంటావు?" జవాబు రాకపోయినా ఫర్వాలేదు, లేచి వెళ్ళిపోయినా ఫర్వాలేదు. గోడ మీద ఎవరో ఉన్నారంటే లేరని వాదించకండి, ఉన్నారనీ అనకండి. "నీకు వినిపిస్తోంది, భయమేస్తోంది కదా, నేనిక్కడే ఉన్నాను" అనండి.

మందులు మళ్ళీ మొదలయ్యి మాట నిలకడ మీదికి వచ్చాక, తన తరఫున మాట్లాడే మనిషి ఎవరో అతన్నే రాసివ్వమనండి. తెల్లకాగితం మీద పేరు రాసి సంతకం పెడితే చాలు, చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. రేపు ఆసుపత్రిలో చేర్చాల్సొస్తే డాక్టర్లు మొదట ఆ మనిషినే అడుగుతారు. అతను మీ పేరు రాయకపోవచ్చు, వాళ్ళమ్మ పేరో స్నేహితుడి పేరో రాస్తాడేమో. రాయనివ్వండి. ఈసారి ఎవరు వెంట రావాలి, ఏ ఆసుపత్రికి వెళ్ళాలి, చేతులు పట్టుకోవచ్చా కూడదా, ఇవన్నీ కూడా అతని నోటితోనే చెప్పించి ఆ కాగితం మీదే రాయండి.

మీవారు కువైట్ నుంచి "ఎవరికీ చెప్పకు" అంటున్నారేమో నాకు తెలీదు, మీరు రాయలేదు. అలా అంటుంటే, ఈ ఉత్తరం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. ఆయన చెయ్యగలిగింది ఒకటుంది. తమ్ముడికి రోజూ ఒకే వేళకు ఫోన్ చేసి, జబ్బు ఊసెత్తకుండా, ఊరి సంగతులు మాట్లాడటం. మీరు మాత్రం ఈ వారంలోనే పాత చీటీలన్నీ తీసుకుని, అతను రానంటే ఒక్కరే అయినా సరే, కాకినాడ వెళ్ళి డాక్టరుగారితో మాట్లాడండి. మందు వల్ల మత్తుగా ఉందనో, ఒళ్ళొచ్చిందనో మానేసి ఉండొచ్చు. మాత్ర మార్చొచ్చు, కొన్ని నెలకోసారి వేసే ఇంజక్షన్లూ ఉన్నాయి. అడగండి.