ఉదాహరణగా మిగిలిపోయిన సినిమా

చిరంజీవి అమ్మాయికి,

నీ వ్యాసం చదివాను. నైజీరియా వీడియో సినిమాల మీద అని పైన పెట్టావు. తీరా చూస్తే తొమ్మిదో పేజీ దాకా నైజీరియా జాడే లేదు. అప్పటిదాకా మనోవిశ్లేషకులు ఫ్రాయిడ్, లకాన్, సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ. ఆ తర్వాత 'ఇప్పుడొక ఉదాహరణ చూద్దాం' అన్నావు. అక్కడ నాకు ఒళ్ళు మండింది.

సిద్ధాంతమేమో పారిస్ నుంచో లండన్ నుంచో రావాలి, ఉదాహరణ మాత్రం లాగోస్ నుంచో కైరో నుంచో తెచ్చుకోవాలి. ఈ పంపకం చేసిందెవరు? మల్వీ 1975లో రాసింది హాలీవుడ్ సినిమాల గురించి, చీకటి హాల్లో పెద్ద తెర ముందు కూర్చున్న ప్రేక్షకుణ్ణి మనసులో పెట్టుకుని. నువ్వు ఎత్తుకున్న నైజీరియా సినిమా 'లివింగ్ ఇన్ బాండేజ్' 1992లో అక్కడి ఇగ్బో భాషలో నేరుగా వీడియో క్యాసెట్‌గా వచ్చింది. జనం బజార్లో కొనుక్కుని ఇంట్లో చూశారు. ఇంట్లో అన్నాక పిల్లలు ఏడుస్తారు, ఎవరో తలుపు కొడతారు. దానికి హాలు కొలతలు పట్టి 'శిల్పం బలహీనం' అని తేల్చేశావు. పాత్రలు చెప్పిందే మళ్ళీ చెబుతాయని విసుక్కున్నావు కూడా. మధ్యలో లేచి వెళ్ళొచ్చినవాళ్ళకి ఆ మాట ఎంత అవసరమో ఆలోచించావా?

జపాన్ సంగతే చూడు. మూకీల రోజుల్లో అక్కడ తెర పక్కన బెన్షి అనే వ్యాఖ్యాత ఉండి, పాత్రలందరి గొంతులూ తనే పలుకుతూ కథ నడిపించేవాడు. బెన్షి ఎవరో కనుక్కుని సినిమాకి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. అమెరికాలో టాకీ 1927లో జనాన్ని ఊపేస్తే, జపాన్ దర్శకుడు ఒజు మొదటి టాకీ 1936లో వచ్చింది. పాఠ్యపుస్తకాలు దీన్ని ఆలస్యం అంటాయి. హాల్లో అప్పటికే అంత మంచి గొంతు ఉంటే తొందర దేనికి?

ఒకప్పుడు 'ఓషిన్' మీద ఒక వ్యాసం రాశాను. 1983లో జపాన్లో మొదలై ఎన్నో దేశాలు తిరిగిన సీరియల్. తన ఆదర్శం ఓషినే అని ఒక ఇరాన్ మహిళ 1989లో రేడియోలో అంటే ఆ దేశ సర్వోన్నత నేత ఖొమేనీ మండిపడ్డారు. ప్రసారం చేసినవాళ్ళకి శిక్షలు పడ్డాయి, తర్వాత క్షమించారు. ఇంత కథ ఉన్న వ్యాసాన్ని ఒక సంపాదకుడు 'సీరియలే కదా, మహిళల పేజీకి పంపండి' అని తిప్పి పంపాడు. అదే పెద్దమనిషి, అమెరికన్ సీరియళ్ళకి 'నాణ్యమైన టెలివిజన్' అనే బిరుదు వచ్చాక వాటి మీద ప్రత్యేక సంచికే వేశాడు! ఆ సంచిక ఇప్పటికీ నా దగ్గర ఉంది. తిట్టుకోవడానికి పనికొస్తుంది.

పీహెచ్‌డీ ఎక్కడ చెయ్యాలి, ఏ పత్రికకి పంపాలి అని అడిగావు. వాటి సంగతి తర్వాత. పదకొండో పేజీలో, కాపీ మీద కాపీ తీసిన క్యాసెట్లో బొమ్మ అలుక్కుపోయి గొంతు కీచుమనడం గురించి రెండే వాక్యాలు రాశావు. బాగున్నాయి. అక్కణ్ణుంచి మొదలుపెట్టు. నైజీరియాలోని కానో నగరంలో హిందీ, హాలీవుడ్ సినిమాలు దొంగ కాపీలు తీసి అమ్మిన యంత్రాంగమే తర్వాత అక్కడి హౌసా భాష వీడియో సినిమాల పంపిణీకి దారి వేసింది. ఆ వ్యాపారం ఎలా నడిచిందో వివరంగా రాసి పంపు. మల్వీ అవసరం అప్పటికీ ఉంటే పిలుద్దాం.

ఆశీస్సులతో