షుగర్, బీపీ లేకపోయినా బరువు వల్ల ఫ్లూ ముదురుతుందా?

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. ఎత్తు 168 సెం.మీ., బరువు 104 కిలోలు. షుగర్, బీపీ లేవు. ఫ్లూతో ఆసుపత్రిలో చేర్చాం, ఆక్సిజన్ పెట్టారు. బరువు వల్లే ఇబ్బంది అంటున్నారు. జ్వరానికీ బరువుకూ సంబంధమేంటి?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సంబంధం ఉందమ్మా. మీవారి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) దాదాపు 37. మన దేశంలో 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. లావుగా ఉన్నవారిలో ఫ్లూ ముదిరే ముప్పు ఎక్కువని 2009 స్వైన్‌ఫ్లూ సమయంలోనే తేలింది. కొవిడ్‌లోనూ అదే చూశాం.

వెల్లకిలా పడుకోగానే పొట్టలోని కొవ్వు, ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర అయిన డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది. దాంతో ఊపిరితిత్తుల అడుగుభాగం సరిగా తెరుచుకోదు. అక్కడికి రక్తం వెళ్తుంది కానీ గాలి చేరదు. మామూలు రోజుల్లో శరీరం ఎలాగో నెట్టుకొస్తుంది, న్యుమోనియా తోడైతే మాత్రం తట్టుకోలేదు. కూర్చున్నప్పుడు 95 ఉన్న ఆక్సిజన్ పడుకుంటే 90కి దిగొచ్చు. పైగా ఊబకాయంలో రక్తం గడ్డకట్టే గుణమూ ఎక్కువే.

మంచం తలవైపు 30–45 డిగ్రీలు ఎత్తి ఉంచమనండి. మనిషి కిందికి జారి పొట్ట మడతపడితే ఎత్తినా లాభం లేదు, సిబ్బంది సాయంతో మళ్లీ పైకి జరపాలి. ఆయనకు గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉంటే వాళ్లు అడగకపోయినా డాక్టరుకు చెప్పండి. ఇలాంటివారి ఒంట్లో కార్బన్‌డయాక్సైడ్ పేరుకుపోవచ్చు, అవసరానికి మించి ఆక్సిజన్ పెడితే అది ఇంకా పెరుగుతుంది. పిలిస్తే మత్తుగా పలుకుతుంటే ‘నిద్రపోతున్నారులే’ అనుకోకండి, వెంటనే నర్సును పిలవండి.

ఫ్లూ వైరస్ మందు ఒసెల్టామివిర్ సాధారణంగా 75 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, 5 రోజులు ఇస్తారు. బరువుందని మోతాదు పెంచరు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మోతాదు మాత్రం బరువును బట్టి మారొచ్చు. కాబట్టి బరువు అంచనాగా చెప్పకుండా తూచమనండి. ఎత్తు కూడా కొలిపించండి. ఒకవేళ వెంటిలేటర్ అవసరమైతే గాలి లెక్క అసలు బరువును కాక, ఎత్తుకు తగ్గ బరువును బట్టే ఉంటుంది. 168 సెం.మీ. మగవారికి 64 కిలోల లెక్కన, కిలోకు 6 మి.లీ. చొప్పున, ఒక్కో శ్వాసకు సుమారు 385 మి.లీ. 104 కిలోలకు లెక్కిస్తే 620 దాటిపోయి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఒళ్లు పెరిగినా ఊపిరితిత్తులు పెరగవు కదా!

షుగర్ లేదన్నారు. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించారా? పరీక్ష చేయించనంతకాలం షుగర్ లేదనే అనుకుంటూ ఉంటాం. ఆసుపత్రిలో తిండి తగ్గించి బరువు దించాలని చూడకండి, జ్వరంలో కండ కరిగిపోతుంది. కోలుకున్నాక ఏటా ఫ్లూ టీకా వేయించండి. మళ్లీ ఫ్లూ లక్షణాలు కనిపిస్తే 48 గంటల్లోపే డాక్టరును కలవండి.