కొత్త హెడ్‌ఫోన్‌ను 200 గంటలు నడిపితేనే పలుకుతుందా?

గుణుపురం నుంచి ఒక మిత్రుడు అడిగింది ఇది: సెన్‌హైజర్ హెచ్‌డీ 600 కొని నాలుగు రోజులైంది, శబ్దం పల్చగా ఉంది, బేస్ లేదు. అమ్మినవాళ్ళూ, స్నేహితులూ కూడా "200 గంటలు బర్న్-ఇన్ చెయ్యి, ఆ తర్వాత మాట్లాడు" అంటున్నారు, అంటే లోపలి భాగాలు సడలేదాకా ఏదో ఒక శబ్దం పెట్టి నడుపుతూనే ఉండమని. వెనక్కి పంపడానికి ఇంకా మూడు రోజులే గడువు. ఏం చేయాలి?

ముందు లెక్క చూడండి. 200 గంటలంటే రాత్రీ పగలూ ఆపకుండా నడిపినా ఎనిమిది రోజుల ఎనిమిది గంటలు. మీ గడువు ఏడు రోజులు, అంటే 168 గంటలు. పెట్టె విప్పిన నిమిషం నుంచీ మొదలుపెట్టినా ఆ సలహా పూర్తయ్యేసరికి గడువు దాటిపోతుంది. అమ్మేవాళ్ళు కావాలనే అలా చెబుతారని నేననను. ఈ లెక్క వేసుకోక నేను మాత్రం ఒకసారి బోర్లా పడ్డాను.

అది ఇప్పుడు నా దగ్గరున్న హెచ్‌డీ 600 కాదు, అంతకుముందు కొన్న ఒక క్లోజ్డ్ బ్యాక్ (చెవి కప్పుల వెనక వైపు మూసి ఉండే) హెడ్‌ఫోన్. మాది రాయగడ. ఇలాంటివి తలకు పెట్టుకుని, విని కొనే షాపు ఇక్కడ నాకు దొరకలేదు. విశాఖ వెళ్ళాలంటే ఒక సెలవు ఖర్చు. ఆన్‌లైన్‌లో తెప్పించేశాను. మొదటి రోజే కుడివైపు తేడా తెలిసింది. మృదంగం మీద గట్టి దెబ్బ పడ్డప్పుడల్లా సన్నగా 'జర్‌ర్'మని ఒక మోత. ఫోన్ చేస్తే "కొత్తది కద సార్, లోపల బిగుసుకుని ఉంటుంది, నడపండి, సర్దుకుంటుంది" అన్నారు. నమ్మాను. ల్యాప్‌టాప్‌కు తగిలించి, పింక్ నాయిస్ అనే హోరు పెట్టి, ఇంట్లో వాళ్ళ నిద్ర చెడకుండా దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టాను. ఆ వారమే మా అత్తగారు పార్వతీపురం నుంచి వచ్చి ఉన్నారు. రెండో రాత్రి ఆవిడ లేచి, నన్ను లేపి, "ఏటి బాబూ, బీరువాలోన వాన పడతంది?" అన్నారు. పింక్ నాయిస్ నిజంగానే రేకుల మీద వానలా ఉంటుంది. ఏం చెప్పాలో తెలియక "కంప్యూటర్ పని" అనేశాను.

తొమ్మిదో రోజు తీసి పెట్టుకుంటే అదే జర్‌ర్. గడువు ముగిసింది. వారంటీ ఉంది కదా అంటే మా పిన్‌కోడ్‌కు పికప్ లేదన్నారు. విసుగొచ్చి కుడి ప్యాడ్ (చెవి చుట్టూ ఆనే మెత్త) ఊడదీసి, టార్చి వేసి చూద్దును కదా, జాలీ సందులోంచి దిగి డ్రైవర్ (శబ్దం పుట్టించే చిన్న స్పీకర్) పొరకు ఆనుకుని ఒక వెంట్రుక! పట్టకారుతో లాగేశాను. మోత పోయింది. అది నాదో, ఫ్యాక్టరీ వాళ్ళదో దేవుడికి తెలియాలి. ఇది నా అదృష్టం. పొరను కదిలించే తీగచుట్ట, అదే కాయిల్, ఎక్కడైనా రుద్దుకుంటూ ఉండి ఉంటే అంత డబ్బూ నీళ్ళపాలే.

అలాగని బర్న్-ఇన్ పూర్తిగా కట్టుకథ కాదు. పెద్ద స్పీకర్లలో ఇది నిజమే. ఊఫర్ (బేస్ పలికించే పెద్ద స్పీకర్) కోన్‌ను వెనక నుంచి పట్టి ఉంచే, జిగురు పట్టించిన ముడతల గుడ్డ ఒకటి ఉంటుంది, దాన్ని స్పైడర్ అంటారు. నడిచేకొద్దీ అది సడలుతుంది, రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ (కోన్ తనంతట తాను ఊగే స్వరం) కాస్త కిందికి దిగుతుంది. కొలిస్తే కనబడుతుంది. మామూలు హెడ్‌ఫోన్ డ్రైవర్‌లో ఆ గుడ్డే ఉండదు. ఉన్నది పల్చని ప్లాస్టిక్ పొర, దాని అంచే దానికి స్ప్రింగు. మనం వినే వాల్యూంలో అది కదిలేది మిల్లీమీటరులో చిన్న వంతు. సడలడానికి అక్కడ పెద్దగా ఏముంది?

అమెరికాలో టిల్ హెర్ట్‌సెన్స్ అనే సమీక్షకుడు ఏకేజీ క్యూ701ను నడుపుతూ, మధ్యమధ్య కొలుస్తూ వెళ్ళాడు. మార్పులు కనబడ్డాయి, కానీ చాలా చిన్నవి. కొత్తదాన్నీ బాగా నడిపినదాన్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఏదో తెలియకుండా విన్నప్పుడు మాత్రం ఎక్కువసార్లు సరిగ్గానే గుర్తుపట్టాడు. బర్న్-ఇన్‌ను నమ్మేవాళ్ళు దీన్నే చూపిస్తారు. కానీ అవి రెండు వేరు వేరు హెడ్‌ఫోన్లు. వాటి మధ్య పుట్టుకతోనే ఎంతో కొంత తేడా ఉండొచ్చు కదా అని నా అనుమానం. ఇంకో సంగతి కూడా గమనించండి. 200 గంటలు నడిపాక శబ్దం పాడైందని రాసినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. నిజంగా పొర సాగిపోతుంటే పదిమందిలో ఇద్దరికైనా చెడే వైపు మారాలి కదా!

మా మామయ్యకు వీణ పిచ్చి. ఆయన దగ్గర బొబ్బిలి వీణ ఉంది, గొల్లపల్లి వాళ్ళు ఒకే పనస మొద్దును తొలిచి చేసేది. "వాయించగా వాయించగా పలుకుతాదిరా, నీదీ అంతే" అంటాడు. చెక్క సంగతి ఆయనకే వదిలేశాను. నాకు మాత్రం కొత్త చెప్పు గుర్తొస్తుంది. కొత్త చెప్పు కరుస్తుంది, పది రోజులకు కరవడం మానేస్తుంది. తోలు మెత్తబడిందా, కాలు కాయ కాచిందా అంటే రెండూ అనే చెప్పాలి. హెడ్‌ఫోన్‌లో ఆ తోలు పని చేసేది డ్రైవర్ కాదు, ప్యాడ్.

కొత్త ప్యాడ్‌లో ఫోమ్ గట్టిగా, ఎత్తుగా ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ అణుగుతుంది, డ్రైవర్ చెవికి దగ్గరవుతుంది, చెంప ఒంపుకు ప్యాడ్ సర్దుకుంటుంది. ముఖ్యంగా క్లోజ్డ్ బ్యాక్‌లో ఎక్కడ సందు ఉన్నా బేస్ అక్కడి నుంచే పోతుంది. కళ్ళజోడు కాడ చాలు ఆ సందుకు. మీకు కళ్ళజోడు ఉంటే ఒకసారి తీసి వినండి.

ఇది నేను చదివి చెబుతున్నది కాదు. జేకేపూర్ పేపర్ మిల్లులో పనిచేసే ఒక స్నేహితుడి దగ్గర మూడేళ్ళ పాత హెచ్‌డీ 600 ఉంది. నేను కొత్తది కొన్నాక రెండూ పక్కపక్కన పెట్టి విన్నాం. అతనిది కాస్త బరువుగా, దగ్గరగా వినిపించింది. "చూశావా, అదీ బర్న్-ఇన్ అంటే!" అన్నాడు గర్వంగా. ఈ మోడల్‌లో ప్యాడ్‌లు చేత్తోనే ఊడొస్తాయి. అతని పాత ప్యాడ్‌లు నాదానికీ, నా కొత్తవి అతనిదానికీ తగిలించాం. ఆ బరువు ప్యాడ్‌లతో పాటే నా హెడ్‌ఫోన్‌లోకి వచ్చేసింది. అతనిది నా కొత్తదానిలా పల్చబడింది. మావాడు చాయ్ చల్లారేదాకా మాట్లాడలేదు. ఇదేమీ లేబొరేటరీ పరీక్ష కాదు, చెవులు తప్ప మా దగ్గర వేరే పరికరం లేదు. కానీ అప్పట్నుంచీ నేను బీరువాలో వాన కురిపించలేదు.

ఇక కాలు కాయ కాయడం, అంటే మన చెవీ మెదడూ అలవాటు పడటం. ఇన్నాళ్ళూ బేస్ ఉబ్బిన ఇయర్‌ఫోన్లు విన్న చెవికి హెచ్‌డీ 600 మొదట్లో ఉప్పు లేని పప్పులా ఉంటుంది. వారం విన్నాక పాతవే మోతగా అనిపిస్తాయి. హెడ్‌ఫోన్ బీరువాలో ఉంటే ఈ అలవాటు రాదు, మీ తలమీద ఉంటేనే వస్తుంది. కాబట్టి మిగిలిన మూడు రోజులూ పింక్ నాయిస్‌కు ఇవ్వకండి, మీరే వినండి.

మీ విషయంలో నాకు అసలు అనుమానం ఫోన్ మీద. హెచ్‌డీ 600 ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అది చూపే అడ్డు, 300 ఓమ్‌లు. చాలా ఫోన్లు, చవక అడాప్టర్లు దానికి చాలినంత వోల్టేజ్ ఇవ్వలేవు. వాల్యూం చాలకపోతే మన చెవికి ముందు తగ్గినట్టు అనిపించేది బేసే. ఎవరి దగ్గరైనా మంచి హెడ్‌ఫోన్ ఆంప్ (యాంప్లిఫయర్) ఉంటే దానికి పెట్టి వినండి. అలాగే 20 నుంచి 200 హెర్ట్జ్ వరకు మెల్లగా పెరిగే టోన్ ఒకటి తక్కువ వాల్యూంలో పెట్టి, ఏ వైపైనా జర్‌ర్‌మంటుందేమో చూడండి. తర్వాత మోనో రికార్డింగ్ (రెండు చెవులకూ ఒకే శబ్దం వచ్చేది) ఏదైనా పెట్టండి. గొంతు నడినెత్తిన కాక ఒక పక్కకు జరిగి వినిపిస్తే హెడ్‌ఫోన్‌ను కుడిది ఎడమకూ, ఎడమది కుడికీ వచ్చేలా తిప్పి పెట్టుకోండి. జరగడం కూడా దానితో పాటు వైపు మారితే అది ఎన్ని గంటలకూ సర్దుకోదు, వెంటనే పంపేయండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ఆంప్‌తో కూడా బేస్ చాలలేదంటే మీ రుచే వేరు. ఈ మోడల్‌లో అడుగు బేస్ తక్కువే, 2,000 గంటలు నడిపినా రాదు. వేరేది చూసుకోండి. అందులో తప్పేం లేదు.

ఒకవేళ ఉంచుకుంటే, తలకు బిగుతు మాత్రం వాడగా తగ్గుతుంది. రాత్రిళ్ళు దాని పెట్టెకే తొడిగి ఉంచితే ఇంకా త్వరగా సడలుతుంది. వానాకాలంలో ప్యాడ్‌లు చెమటతో, తేమతో ముక్కిన వాసన పట్టకుండా విన్నాక గాలికి పెట్టండి. బర్న్-ఇన్ పేరుతో వాల్యూం మాత్రం పెంచకండి. పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ వరకే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు.

గడువు లోపల రాయగడ వచ్చే పనుంటే హెడ్‌ఫోన్ వెంట తెచ్చుకోండి, నా ఆంప్‌కు పెట్టి చూద్దాం. పెట్టె, బిల్లు మాత్రం పారేయకండి.