టెలిపతీ థ్రిల్లర్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏకబిగిన చదివించావు, కథ నడపడం నీకు వచ్చు. రెండోసారి మాత్రం ఇరవయ్యో పేజీ దగ్గర ఆగిపోయాను. నీ హీరో విచారణ గదిలోకి వస్తాడు, ఎదురుగా కూర్చున్న ఐదుగురి మనసులూ చదివేస్తాడు, ద్రోహి ఎవరో చెప్పేస్తాడు. ఆ తర్వాత తొంభై పేజీలున్నాయి. వాటిలో ఎన్ని ఛేజింగులు పెట్టినా టెన్షన్ రాదు. తెలియాల్సింది తెలిసిపోయింది కదా!

నిజంగా జరిగినదాన్ని ఒకసారి చూడు. అమెరికా ప్రభుత్వం 1972 నుంచి 1995 దాకా ఇలాంటి పని చేయించింది. మొదట స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో, తర్వాత ఫోర్ట్ మీడ్ సైనిక స్థావరంలో. చివర్లో దాని పేరు స్టార్‌గేట్. ఖర్చు సుమారు 2 కోట్ల డాలర్లు. అది మనసులు చదవడం కాదు, దూరాన ఉన్న చోట్లను కూర్చున్న చోటి నుంచే చూడటం. నీకు పనికొచ్చేది మాత్రం అందులోనే ఉంది.

1974లో ప్యాట్ ప్రైస్ అనే మాజీ పోలీసు అధికారికి సోవియట్ యూనియన్‌లోని సెమీపలాటిన్‌స్క్ దగ్గరున్న ఒక రహస్య కేంద్రం అక్షాంశ రేఖాంశాలు ఇచ్చారు. అతను ఒక భారీ క్రేన్ బొమ్మ గీశాడు. అక్కడ నిజంగానే అలాంటి క్రేన్ ఉంది! కానీ అతను చెప్పిన మిగతా వివరాల్లో చాలా భాగం తప్పు. ఇప్పుడు ఆ కాగితం చేతిలో పట్టుకున్న అధికారిని ఊహించుకో. క్రేన్‌ని నమ్మాలా, మిగతా తప్పుల్ని నమ్మాలా? నీ సినిమా ఆ అధికారి బల్ల దగ్గర ఉంది తమ్ముడూ. 1995లో ఆ ప్రయోగాలను పరిశీలించిన ఇద్దరు నిపుణులు, జెస్సికా అట్స్, రే హైమన్, ఒకే సమాచారం చూసి చెరో మాటా చెప్పారు. ఫలితం నిజమేనని ఆమె, రుజువు కాలేదని ఆయన. గూఢచర్యానికి ఇది పనికిరాలేదని తేల్చి ప్రాజెక్టు మూసేశారు.

నీ హీరోకి శక్తి తగ్గించమని అనడం లేదు. అతనికి వినిపించేదాన్ని మార్చు. అబద్ధం ఆడేవాడి మనసులో 'నేనే ద్రోహిని' అనే వాక్యం ఉండదు. బిగుతుగా ఉన్న బూటు ఉంటుంది. కూతురికి జ్వరం, ఇంకా రాని ఫోన్ ఉంటాయి. వీటన్నిటి కింద భయం. నీ హీరోకి ఆ భయం స్పష్టంగా తెలుస్తుంది, అది దేని గురించో తెలియదు. పక్క గదిలో పై అధికారి సంతకానికి పెన్ను తీసి ఎదురుచూస్తున్నాడు: అవునా, కాదా? 'భయపడుతున్నాడు సార్' అని హీరో నిజమే చెబుతాడు. ఆ నిజం మీద ఒక మనిషిని తీసుకుపోతారు. నాకు ఒళ్లు జలదరించేది అక్కడే.

ఫ్లాష్‌లు, ముక్కులోంచి రక్తం, కళ్ల రంగు మారడం తీసేయి. చాలా చూశాం.

ఇరవయ్యో పేజీ మళ్లీ రాసి పంపు. ఈసారి ఆ ఐదుగురిలో ఇద్దరు భయపడుతూ ఉండాలి. అసలు ద్రోహి మాత్రం ప్రశాంతంగా ఉండాలి.

నీ అన్నయ్య